భారతదేశంలో ఆయుధ నియంత్రణ, ఆత్మరక్షణ హక్కు

తుపాకులు, తూటాలు, కొన్ని రకాల కత్తులు ఎవరు తయారు చేయవచ్చో, ఎవరు అమ్మవచ్చో, ఎవరు దగ్గర ఉంచుకోవచ్చో చట్టం ద్వారా నిర్ణయించడాన్ని ఆయుధ నియంత్రణ అంటారు. భారతదేశంలో దీనికి ఆధారం 1959 నాటి ఆయుధాల చట్టం, 2016లో వచ్చిన ఆయుధ నిబంధనలు. దాడి జరిగినప్పుడు తనను, ఇతరులను, ఆస్తిని బలప్రయోగంతో కాపాడుకునే హక్కు మాత్రం వేరే చట్టంలో ఉంది. మొదట భారత శిక్షాస్మృతిలో ఉన్న ఆ హక్కు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోకి మారింది.

ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల ప్రజల్లో చాలా గందరగోళం ఉంది. ప్రాణరక్షణ పౌరుడి హక్కు. తుపాకీ ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఆ అనుమతి నిరాకరించినా హక్కు చెక్కుచెదరదు. అనుమతి ఉన్నంత మాత్రాన హక్కు పరిధి ఒక్క అంగుళం కూడా పెరగదు.

చరిత్ర: నిరాయుధీకరణ

1857 తిరుగుబాటు అణచివేత తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జనం దగ్గరున్న ఆయుధాలను రాబట్టడం మొదలుపెట్టింది. తాత్కాలిక చట్టాలతో సాగిన ఆ పనికి వైస్రాయ్ లిట్టన్ హయాంలో 1878 ఆయుధాల చట్టం శాశ్వత రూపం ఇచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఆయుధాల చట్టం కింద భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే నేరం. యూరోపియన్లకు మాత్రం నిబంధనల్లో మినహాయింపు దొరికింది. చట్టంపై పుట్టిన కోపంలో పెద్ద భాగం ఈ జాతి వివక్ష మీదే.

1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. అహింసను జీవితాంతం బోధించిన గాంధీ కూడా, 1918లో ఖేడా జిల్లాలో సైనిక నియామకాల కోసం రాసిన కరపత్రంలో, జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన అపచారాల్లో ఒకటిగా తప్పుపట్టారు. 1931 కరాచీ కాంగ్రెస్ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలన్న అంశం ఉంది.

తెలుగు ప్రాంతంలో ఈ చరిత్రకు మన్యం ఘట్టం ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయింది. గిరిజనుల చేతిలో విల్లంబులు తప్ప మరేమీ మిగలని రోజుల్లో పోలీసు స్టేషనే వారికి ఆయుధాగారమైంది (చూ. మన్యం తిరుగుబాటు).

నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో దొరల గడీల్లో తుపాకులుండేవి, రైతుల దగ్గర కర్రలు, వడిసెలలు, కారప్పొడి ఉండేవి. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులు పెరిగాక, 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించాక కూడా ఆయుధాలు ఉంచుకోవాలా, అప్పగించాలా అన్న ప్రశ్న మీద పోరాట నాయకత్వం రెండుగా చీలింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించేదాకా ఆ చర్చ ముగియలేదు (చూ. తెలంగాణ సాయుధ పోరాటం).

రాజ్యాంగ సభలో చర్చ

కరాచీ తీర్మానంలో ఉన్న ఆయుధ హక్కు రాజ్యాంగంలో లేదు. దాన్ని చేర్చాలని 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు. పరాయి పాలనలో ఆ కోరిక పుట్టడానికి కారణం ఉందని, స్వతంత్ర దేశంలో పరిస్థితి మారిందని ఆయన వాదన. వ్యక్తికి ఆయుధం ధరించే హక్కు కన్నా, దేశానికి అవసరమైనప్పుడు ఆయుధం పట్టాల్సిన బాధ్యత ముఖ్యమని ఆయన అన్నారు. నేరాలకు అలవాటుపడిన వారికి కూడా ఈ హక్కు ఇవ్వడం సాధ్యమా అనీ ప్రశ్నించారు. సవరణ వీగిపోయింది.

ఫలితంగా రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల భాగంలో ఆయుధాల ప్రస్తావన రెండు చోట్ల కనిపిస్తుంది. 19వ అధికరణం పౌరులు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశం కావచ్చంటుంది. 25వ అధికరణం వివరణ సిక్కులు కృపాణం ధరించడాన్ని మత స్వేచ్ఛలో భాగంగా గుర్తిస్తుంది.

లైసెన్సు హక్కా, ప్రభుత్వం ఇచ్చే వెసులుబాటా అన్న వివాదం తర్వాత కోర్టులకెక్కింది. అలహాబాద్ హైకోర్టు 1993లో ఒక తీర్పులో ఆయుధం ధరించడాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కుతో ముడిపెట్టింది. అదే కోర్టు ఫుల్ బెంచ్ 1995లో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక బెయిలు కేసు విచారిస్తూ, అమెరికాలో మాదిరిగా ఇక్కడ ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసింది. లైసెన్సు లేని తుపాకుల బెడదను స్వయంగా విచారణకు చేపట్టింది.

1959 చట్టం, తర్వాతి సవరణలు

స్వతంత్ర భారతం రాసుకున్న ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని లైసెన్సు పద్ధతి కొనసాగింది, జాతి వివక్ష పోయింది. చాలామంది గమనించని ఒక మంచి మాట ఇందులో ఉంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. పేదవాడి ప్రాణానికీ అంతే విలువ ఉందని గుర్తించిన సెక్షన్ ఇది. ఆచరణలో మాత్రం లైసెన్సు పలుకుబడి ఉన్నవారి ఇంటి గుర్తుగానే మిగిలింది.

పౌరుడి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను 1983 సవరణ మూడుకు, 2019 సవరణ రెండుకు పరిమితం చేశాయి. మూడోది ఉన్నవారు దాన్ని ఏడాదిలోగా అప్పగించాల్సి వచ్చింది. అదే 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. శిక్షలను కూడా కఠినం చేసింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు. అక్రమంగా తయారు చేసినా, అమ్మినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం. పోలీసుల దగ్గర, సైనికుల దగ్గర ఆయుధం లాక్కుంటే పదేళ్ల నుంచి యావజ్జీవం. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా తుపాకీ పేల్చితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెళ్లి పందిట్లో బంధువు పేల్చిన తూటాకు పిల్లలు బలైన వార్తలు ఉత్తరాది పత్రికల్లో ఏటా వస్తుండగా ఈ నిబంధన చాలా ఆలస్యంగా వచ్చిందనే చెప్పాలి.

నిషిద్ధ ఆయుధంతో ప్రాణం తీస్తే మరణశిక్ష తప్పనిసరి అన్న 27(3) సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2012లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఆయుధాల రకాలు

చట్టం తుపాకులను ప్రధానంగా రెండు తెగలుగా విడదీస్తుంది. వాటంతట అవే వరుసగా పేలే ఆటోమేటిక్ ఆయుధాలు, 9 ఎం.ఎం., .303 వంటి సైనిక, పోలీసు బోర్లు (గొట్టం కొలతలు) నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. వీటికి కేంద్ర హోం శాఖ అనుమతి కావాలి. .32 రివాల్వర్, .22 రైఫిల్, 12 బోరు షాట్‌గన్ నిషేధం లేనివి. వీటికి జిల్లా కలెక్టర్, కమిషనరేట్లు ఉన్నచోట పోలీసు కమిషనర్ లైసెన్సు ఇస్తారు.

విదేశీ తుపాకులను ప్రైవేటు వ్యక్తులు దిగుమతి చేసుకునే దారి 1980ల మధ్య నుంచి దాదాపు మూసుకుపోయింది. అందుకే కాన్పూరు ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వర్‌కు దేశమంతటా గిరాకీ ఉంటూ వచ్చింది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత, 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమంటూ 'నిర్భీక్' అనే అర కిలో బరువున్న రివాల్వర్ తెచ్చింది. అప్పటి ధర సుమారు 1.22 లక్షల రూపాయలు. రాత్రిపూట బస్సులో ఇంటికి వెళ్లే ఉద్యోగినికి ఆ ధర అందదు, లైసెన్సు అంతకన్నా అందదు.

పదునైన ఆయుధాల్లో తొమ్మిది అంగుళాల కన్నా పొడవు లేదా రెండు అంగుళాల కన్నా వెడల్పు అలుగున్న కత్తులకు ప్రత్యేక నియమాలున్నాయి. వంటింటి, వ్యవసాయ పనిముట్లకు ఇవి వర్తించవు. రాయలసీమ ఫ్యాక్షన్ గొడవల్లో పేరుపడిన నాటు బాంబులపై ప్రధానంగా 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రయోగిస్తారు (చూ. పేలుడు పదార్థాల చట్టం).

లైసెన్సు విధానం

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. నేరచరిత్ర, మానసిక స్థితి, దరఖాస్తు కారణం పరిశీలిస్తారు. 2016 నిబంధనల ప్రకారం పోలీసులు 30 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 60 రోజుల్లో లైసెన్సు అధికారి నిర్ణయం చెప్పాలి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, దానిపై అప్పీలు చేసుకోవచ్చు. తుపాకీ వాడకంలో, భద్రపరచడంలో శిక్షణ తీసుకోవడం తప్పనిసరి. ప్రతి లైసెన్సుదారుకూ జాతీయ సమాచార నిధిలో ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది.

ప్రాణభయం, పంట రక్షణ, క్రీడ అనే మూడు కారణాలతో ఎక్కువ దరఖాస్తులు వస్తాయి. అడవి పందులు మొక్కజొన్న, వేరుశనగ చేలను తవ్వి పోసే ఊళ్ల రైతులకు, మందు కూరి పేల్చే నాటు తుపాకీకి పంట రక్షణ లైసెన్సు అడిగే వీలు చట్టంలో ఉంది. అయితే ఆ తుపాకీతో అడవి జంతువును చంపాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేరే అనుమతి కావాలి. ఇది తెలియక లైసెన్సు ఉన్న రైతు కూడా అటవీ కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

క్రీడాకారులకు సంఖ్యా పరిమితిలో, తూటాల విషయంలో సడలింపులున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్, పదమూడేళ్లకే జాతీయ విజేతగా నిలిచిన ఈషా సింగ్ హైదరాబాద్ నుంచి వచ్చినవారే.

లైసెన్సుల అసలు పరీక్ష ఎన్నికల వేళ వస్తుంది. షెడ్యూలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషన్లలో జమ చేయాలని తెలుగు రాష్ట్రాల పత్రికల్లో జిల్లాల వారీగా ప్రకటనలు వస్తాయి. ఎవరి దగ్గర ఆయుధం ఉంచవచ్చో తేల్చే బాధ్యతను ఎన్నికల సంఘం జిల్లా స్థాయి పరిశీలన కమిటీలకు అప్పగించింది. బ్యాంకు కాపలాదారులు వంటివారికి మినహాయింపు ఉంటుంది.

మినహాయింపులు: కొడగు

కర్ణాటకలోని కొడగులో కొడవ జాతివారికి, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూములున్న కుటుంబాలకు లైసెన్సు అక్కర్లేదు. 1861 నుంచి ఉన్న ఈ మినహాయింపును స్వతంత్ర భారత ప్రభుత్వం కొనసాగించింది. 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. కైల్‌పోదు పండుగనాడు కొడవ ఇళ్లలో తుపాకులకు పూజ చేస్తారు.

ఆత్మరక్షణ హక్కు: న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు

1837లో మెకాలే బృందం శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు, భారతీయుల్లో దోపిడీకి ఎదురు నిలిచే ధైర్యం పెరగాలన్న ఉద్దేశంతో ఆత్మరక్షణ హక్కును విశాలంగానే నిర్వచించింది. 1860లో చట్టమైన ఆ సెక్షన్ల సారం ఈనాటికీ మారలేదు. ఆశ్చర్యమేమంటే ప్రజలను తిరగబడమని ప్రోత్సహించిన పాలకులే పద్దెనిమిదేళ్ల తర్వాత వారి చేతిలోని తుపాకీ లాక్కున్నారు.

ఈ హక్కు తన శరీరానికే పరిమితం కాదు. పక్కవాడి ప్రాణం కోసం, తన ఆస్తి, ఇతరుల ఆస్తి కోసం కూడా ప్రయోగించవచ్చు. దాడి చేసినవాడు మతిస్థిమితం లేనివాడైనా హక్కు అలాగే ఉంటుంది. పరిమితులు రెండు. ప్రభుత్వ అధికారులను ఆశ్రయించే సమయం ఉంటే ఈ హక్కు ఉండదు. రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయకూడదు.

ప్రాణం తీసేంతవరకు వెళ్లగల సందర్భాలను 38వ సెక్షన్ చెబుతుంది. చస్తామన్న భయం, తీవ్ర గాయమవుతుందన్న భయం, అత్యాచారం, అసహజ లైంగిక దాడి, అపహరణ, బయటపడే మార్గం లేని నిర్బంధం, యాసిడ్ దాడి అందులో ఉన్నాయి. యాసిడ్ దాడి 2013లో చేరింది. ఆస్తి విషయంలో దారిదోపిడీ, రాత్రివేళ ఇంట్లోకి చొరబడడం, నివాసానికి నిప్పు పెట్టడం వంటివాటికే అంత దూరం వెళ్లే అనుమతి ఉంది. జేబు కొట్టి పారిపోయేవాడి వీపున కాల్చితే అది హత్య కేసే.

44వ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది. చంపడానికి వచ్చిన గుంపుపై కాల్పులు జరిపితే తప్ప బతకలేని మనిషి ఉన్నాడు. గుంపులో పిల్లలున్నారు. కాల్పుల్లో వారికి హాని జరిగినా అతడిది నేరం కాదు. న్యాయ సంహితలోని అతి బరువైన వాక్యాల్లో ఇదొకటి.

హక్కును ఎలా కొలుస్తారో 2010 నాటి 'దర్శన్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం' తీర్పు చూపిస్తుంది. పొలం గొడవలో తండ్రిపై గండ్రగొడ్డలి లాంటి ఆయుధంతో దాడి జరిగినప్పుడు కొడుకు లైసెన్సు తుపాకీతో కాల్చాడు. కింది కోర్టు విడుదల చేసింది, హైకోర్టు శిక్షించింది, సుప్రీంకోర్టు మళ్లీ నిర్దోషిగా తేల్చింది. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో మనిషి ప్రతిచర్యను బంగారం తూచే త్రాసులో తూచలేమన్నది న్యాయస్థానాలు అనుసరిస్తున్న సూత్రం. ఆత్మరక్షణ అని నిరూపించే భారం నిందితుడిదే. అయితే ప్రాసిక్యూషన్ మాదిరిగా సందేహాతీతంగా నిరూపించనక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు.

ప్రభుత్వమే ఆయుధాలిచ్చినప్పుడు

ఆత్మరక్షణ పేరుతో ప్రభుత్వమే పౌరులకు తుపాకులిచ్చిన సందర్భాలున్నాయి. జమ్మూ కాశ్మీర్‌లో 1990లలో ఏర్పడిన గ్రామ రక్షణ కమిటీలకు .303 రైఫిళ్లు ఇచ్చారు. 2022లో వాటిని గ్రామ రక్షక దళాలుగా పునర్వ్యవస్థీకరించారు. అస్సాం మంత్రివర్గం 2025 మేలో, ముప్పు ఉన్న ప్రాంతాల్లోని మూలవాసులకు ఆయుధ లైసెన్సుల పథకాన్ని ఆమోదించింది.

ఛత్తీస్‌గఢ్ అనుభవం మరో దారి చూపింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం కాలంలో అక్కడి ప్రభుత్వం గిరిజన యువకులను కొద్దిపాటి శిక్షణతో స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా, 'కోయ కమాండో'లుగా మావోయిస్టులపైకి పంపింది. అనేక కోయ కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో తలదాచుకున్నాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జార్ ధర్మాసనం ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పునిచ్చి, పంచిన తుపాకులు వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. పోలీసు చేయాల్సిన పనిని చదువూ తగిన శిక్షణా లేని యువకుల భుజాన పెట్టడం రక్షణ అనిపించుకోదు. ఈ తీర్పు న్యాయమైనది.

లెక్కలు, అక్రమ ఆయుధాలు

కేంద్ర హోం శాఖ లెక్కల ప్రకారం 2016 చివరికి దేశంలో సుమారు 33.7 లక్షల ఆయుధ లైసెన్సులున్నాయి. ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే 12.77 లక్షలు. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం భారత పౌరుల దగ్గరున్న మొత్తం తుపాకులు 7.11 కోట్లు. ఒక్కో లైసెన్సుపై అప్పటి గరిష్ఠ పరిమితి అయిన మూడేసి తుపాకులు ఉన్నాయనుకున్నా ఈ రెండు అంకెలు దగ్గరికి రావు. మధ్యలో ఉన్నది అక్రమ ఆయుధాల లోకం.

ఆ లోకానికి పేరుమోసిన ఊరు బిహార్‌లోని ముంగేర్. 1760లలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం అక్కడ ఆయుధాగారం నెలకొల్పినప్పటి నుంచి వచ్చిన పనితనం, తర్వాతి కాలంలో దొంగచాటు తయారీకి కూడా ఉపయోగపడింది. హైదరాబాద్ పోలీసులు పట్టుకునే తపంచాల్లో (నాటు పిస్తోళ్లలో) బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవి తరచుగా ఉంటాయి.

లైసెన్సు వ్యవస్థ లోపల కూడా చీడ ఉంది. జమ్మూ కాశ్మీర్‌లో 2012, 2016 మధ్య 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు ఇచ్చారని సీబీఐ ఆరోపించింది. మణిపూర్‌లో 2023 హింసాకాండలో పోలీసు ఆయుధాగారాల నుంచి వేల తుపాకులు లూటీ అయ్యాయి. కొత్త సవరణలు ఎన్ని వచ్చినా లైసెన్సుదారు మీదే భారం మోపి, దొంగ కొలిమిని వదిలేస్తే ఉపయోగం తక్కువ.

ఇతర దేశాలతో పోలిక

అమెరికా రాజ్యాంగ రెండో సవరణ (1791) ఆయుధ హక్కును గుర్తిస్తుంది. అది వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో, ఇంటి బయటా వర్తిస్తుందని 2022లో బ్రూయెన్ కేసులో తీర్పు చెప్పింది. గృహహింస కారణంగా కోర్టు ఆంక్షలున్నవారి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని 2024లో రహీమి కేసులో సమర్థించింది. స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనాలో అక్కడ వందమందికి 120 తుపాకులుంటే, భారతదేశంలో ఐదు. ఈ తేడా తెలుగు కుటుంబాలకు దూరపు సంగతి కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో ఒక బార్‌లో జాతి విద్వేషంతో జరిగిన కాల్పుల్లో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు ప్రాణాలు కోల్పోయారు.

ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల్లో 35 మంది చనిపోయాక 6 లక్షలకు పైగా తుపాకులను ప్రజల నుంచి కొని ధ్వంసం చేసింది. బ్రిటన్ 1997లో చేతి తుపాకులను దాదాపుగా నిషేధించింది.

వారసత్వ తుపాకులు

తెలుగు రాష్ట్రాల్లో చాలా పాత ఇళ్లలో తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ బీరువాలో ఉంటుంది. లైసెన్సు మనిషికి ఇచ్చినది, ఆ మనిషి పోగానే అది ముగుస్తుంది. జ్ఞాపకంగా దాచుకున్నా అక్రమ ఆయుధమే అవుతుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తీసుకుని 25 ఏళ్లయినా, బతికుండగానే వారసుడి పేరిట దరఖాస్తు చేయించవచ్చు. మరణం తర్వాతైతే 21వ సెక్షన్ ప్రకారం తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలి. వారసులు లైసెన్సుకు ఆ తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు.